వారమంతా శనివారమే

నాపరాళ్ళ లోడుతో మాచర్ల నుంచి నరసరావుపేటకు లారీ తోలుతున్నా. ఎనభైల నడిమి మాట. గురజాల దాటాక రోడ్డు మెత్తబడినట్టు అనిపించింది. రాళ్ళ దుమ్ము మీద ఎండ పడి ముందున్నదంతా తెల్లగా, నేనూ బండీ నీళ్ళ మీద తేలిపోతున్నట్టు ఉంది. ఒకటే దాహం. చెంబెడు తాగడం, పది నిమిషాలకోసారి బండి ఆపి చెట్టు చాటుకు పోవడం. పేటలో దిగి చూసుకుంటే ఎడమ చెప్పు నిండా నెత్తురు. రాతి పెచ్చు అరికాల్లో దిగి ఎంతసేపయిందో, నాకు నొప్పే తెలియలా. నొప్పి లేనందుకే భయమేసింది.

ఆస్పత్రిలో కాంపౌండరు నా యూరిన్‌ని నీలం మందులో పోసి వేడి చేశాడు. గాజు గొట్టంలో నీలం కాస్తా పచ్చనై, పసుపై, ఆఖరికి ఇటుక రంగుకొచ్చి ఆగింది. చూట్టానికి బాగానే ఉంది. డాక్టరు గారు మాత్రం నవ్వలా.

"షుగర్ చానా ఉంది. కాల్లో నరాలు మొద్దుబారినయ్. ఈ పుండు మానకపోతే గ్యాంగ్రీన్ వచ్చి పాదం తీసెయ్యాల్సొస్తుంది. మాత్రలు రాస్తున్నా. అన్నం మానెయ్" అన్నాడు.

ఎడమ పాదమంటే క్లచ్. క్లచ్ తొక్కలేనివాడికి లారీ ఎవడిస్తాడు? నాకు ఇంకో పని చేతకాదు. ఆ రాత్రి నిద్రలో కూడా కాలు కదిపి చూసుకున్నా.

అన్నం మానడం నాకేం కొత్త కాదు. చిన్నప్పట్నుంచీ శనివారం ఒక్కపొద్దే. ఆ రోజు మా ఇళ్ళల్లో అన్నం ముట్టం, టిఫినుతో గడిపేస్తాం. సరే, ఇక వారమంతా శనివారమే అనుకున్నా. ఇంటి పట్టున ఉండేది తక్కువ, తిండంతా హోటళ్ళలోనే. పొద్దున గురజాలలో ఇడ్లీ, మధ్యాహ్నం పేటలో పూరీ, సాయంత్రం ఎక్కడుంటే అక్కడ ఉప్మా. భోజనం హోటల్ ముందు బండి నెమ్మదిస్తే వేడన్నం వాసన తగిలి కళ్ళు వాటంతటవే మూతపడేవి. మూసిన కళ్ళ ముందు ఇస్తరాకు, ఆవిరి, గోంగూర, పైన నెయ్యి. ఎవరో వడ్డిస్తానే ఉండేవాళ్ళు, నేను వద్దంటానే ఉండేవాణ్ణి. నా నిష్ఠకు నాకే ముచ్చటేసేది.

నెల తిరిగేసరికి పుండు వాసనేసింది. చిటికెనవేలు నల్లబడింది.

"అన్నం తింటున్నావా?" అన్నాడు డాక్టరు.

"మెతుకు ముడితే ఒట్టండి."

"ఔనండీ, ఇంట్లో కూడా ముట్టట్లా" అంది నా భార్య లక్ష్మి.

ఆయన నమ్మాడు. మందే చాలట్లేదనుకుని మాత్రలు పెంచాడు. రెండు వారాలకు వేలు తీసేశారు. మత్తు దిగేటప్పుడు ఆస్పత్రి పైకప్పు కూడా కృష్ణ మీద పడవలాగా మెల్లగా కదిలింది.

మర్నాడు లక్ష్మి హోటల్ నుంచి ఇడ్లీలు కట్టించుకొచ్చింది. నేను నాలుగోది తింటుండగా డాక్టరు రౌండ్స్‌కి వచ్చాడు.

"ఏందయ్యా అది?"

"ఇడ్లీ అండీ. అన్నం మానేశా గదా."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. "ఇడ్లీ దేంతో చేస్తారు? బియ్యంతో కాదూ?" అన్నాడు. నేను శనివారం సంగతి చెప్పా. "దేవుడు ఒప్పుకుంటాడేమో గానీ నీ నెత్తురు ఒప్పుకోదయ్యా. ఏ గింజా వద్దు. బియ్యం, గోధుమ, రవ్వ, పంచదార ఏవీ వద్దు. మాంసం, గుడ్లు, చేపలు, ఆకుకూరలు తిను" అని ఇన్సులిన్ మొదలుపెట్టాడు. లక్ష్మి మిగిలిన ఇడ్లీలను కొంగు కింద దాచేసింది.

మళ్ళీ బండెక్కిన రోజు మాచర్లలో సీతమ్మత్త హోటల్ కెళ్ళా. అందరం ఆమెను అత్తా అనే పిలుస్తాం.

"అత్తా, అన్నం వద్దు. కోడికూర, రెండు గుడ్లు, తోటకూర వెయ్యి."

"అన్నం లేకుండా ఉత్త కూరా? తాగొచ్చావేందిరా? ఇదేమన్నా సారాకొట్టా?"

పక్కనోళ్ళు నవ్వారు. నేను చెప్పు విడిచి కాలు చూపించా. ఆమె ఇస్తరాకు మీద నీళ్ళు చల్లి, అన్నం పెట్టే చోట తోటకూర కుప్పగా పెట్టింది.

"ఇదే అన్నమనుకో. కళ్ళు మూసుకుని తిను, నాయనా" అంది.

మూసుకున్నా. ఏడుపొచ్చింది. అన్నం కోసం ఏడ్చానని చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

అక్కణ్ణుంచి ఏ ఊరి హోటల్లోనైనా ముందు కాలు చూపించి తర్వాత కూర అడిగేవాణ్ణి. కొందరు విసుక్కున్నారు, కొందరు తినని అన్నానికి కూడా డబ్బులు తీసుకున్నారు. శనివారం మాత్రం ఉత్త కూరగాయలే. ఒకసారి కళ్ళు తిరిగితే డాక్టరు చూసి ఇన్సులిన్ తగ్గించాడు. గొట్టంలో రంగు నెలనెలా వెనక్కి నడిచి పచ్చదనంలో నిలబడింది. పుండు పూడటానికి ఆరు నెలలు పట్టింది.

అప్పట్నుంచీ నాలుగు వేళ్ళతోనే క్లచ్ తొక్కుతున్నా. రోజూ పడుకోబోయే ముందు లక్ష్మి దీపం పట్టుకుని అరికాలు చూస్తుంది.

మీకు చెప్పేది ఒకటే. డాక్టరు దగ్గర ఏం మానేశారో చెప్పి ఊరుకోబాకండి. పొద్దున లేచిన కాడ్నుంచి ఏం తిన్నారో, ఏం తాగారో మొత్తం చెప్పండి, ఆయన అడక్కపోయినా సరే. అన్నం బదులు ఏం తింటున్నావని ఆయన నన్నడగలా, నేను చెప్పలా. మా ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలా, అయినా నా వేలు పోయింది.