వినబడ్డవాళ్ళందరి పేర్లూ

ఆవిణ్ణి అందరూ చీటీలావిడ అనేవాళ్ళు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఆవిడకు తెలుసు, పట్టించుకునేది కాదు. సంగీత కళాశాల రెండో అంతస్తులో, మెట్ల పక్కనున్న మూలగదిలో, ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని చీటీలు రాయడమే మరి. మొదట టేపు డబ్బాల మీద, ఆ తరవాత క్యాసెట్ల మీద, సీడీల మీద, ఇప్పుడు కంప్యూటర్లో ఫైళ్ళకి. ఇంట్లోనూ అదే వరస. వంటింట్లో ఏ డబ్బా తీసినా దాని మీద పేరుంటుంది. ఏ తాళంచెవి పట్టుకున్నా దానికో చీటీ వేలాడుతుంది. ఏదో ఒకరోజు పొద్దున్నే లేచేసరికి నా నుదుటి మీద కూడా అంటించేస్తుంది అని, బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే వాళ్ళాయన వచ్చినవాళ్ళందరితో అనేవాడు. మీరేమిటో నాకు తెలుసు, చీటీ అక్కర్లేదు అనేది ఆవిడ.

ఆవిడకు పాడటం రాదు. రెండు స్వరాలు వరసగా పలకమంటే గది వదిలి పారిపోతుంది. కాని ఆ చెవి ఉందే, అది మామూలు చెవి కాదు. వెనక వీధిలో తాళాలు బాగుచేసే కొట్టువాడు రోజంతా ఇనుము రాకుతూ ఉంటే, ఆ గోలలో కూడా పాత కచేరీ విని, ఇది ఫలానా హాలు అని చెప్పేసేది. ఎలా చెప్పావమ్మా అంటే, మధ్య ఫ్యాను టకటకలాడుతోంది కదా, అది పాత హాల్లోనే అనేది. ముందు వరసలో ఒకాయన దగ్గితే, ఈ దగ్గు ప్లీడరుగారిది, ఆయన పోయి ఇరవై ఆరేళ్ళు, కాబట్టి కచేరీ అంతకు ముందుదే అని సంవత్సరం వేసేది. నవ్విన వాళ్ళు తరవాత పాత కరపత్రాలు తిరగేసి నోరు మూసుకునేవాళ్ళు.

ఆవిడకు ఒకే ఒక్క నియమం. టేపులో వినబడ్డ ప్రతివాళ్ళ పేరూ చీటీ మీద ఉండాలి. పాడినవాళ్ళదీ, వాయించినవాళ్ళదీ, వెనక కూర్చుని గంటల తరబడి తంబురా మీటిన ఆడపిల్లదీ. కంప్యూటరువాళ్ళు మొదటిసారి పట్టిక తయారుచేసి తెచ్చినప్పుడు అందులో ఒక్కటే గడి ఉంది: కళాకారుడు. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. పక్కవాళ్ళంతా గోడలా అని అడిగింది. వాళ్ళు 'ఇతరులు' అని ఇంకో గడి పెట్టారు. అదీ ఒప్పుకోలేదు. చివరికి 'వినబడ్డవాళ్ళు' అని పెట్టించింది. దాని కింద ఇంకోటి అడిగి మరీ వేయించుకుంది: చీటీ రాసింది ఎవరు, తరవాత మార్చింది ఎవరు. ఎవరు వేలు పెడితే వాళ్ళ పేరు దానంతటదే పడాలి. ఎందుకండీ ఇంత పట్టుదల అంటే చెప్పేది కాదు గాని, కారణం ఉంది. వయసులో ఉండగా ఆరేళ్ళు కూర్చుని ఆ కళాశాల టేపులన్నిటికీ ఆవిడ జాబితా రాసింది. అది పుస్తకంగా అచ్చయింది. అట్ట మీద అప్పటి ప్రిన్సిపాలు పేరు, లోపల ఆఖరి పేజీలో 'సహకారం: సిబ్బంది'. ఆ సిబ్బంది అనే మాట ఆవిడ గుండెల్లో ముల్లులా దిగిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ కళాశాల పెట్టింది ఒక పెద్ద గాయకుడు. అందరూ పెద్దాయన అనేవాళ్ళు. పోయి ఇరవై ఏళ్ళయింది. ఆయన కొడుకే ఇప్పుడు కళాశాలకు అధ్యక్షుడు. నాలుగు వేల పైచిలుకు ఫైళ్ళు సర్ది, చీటీలు రాసి, ఎవరైనా ఇంట్లో కూర్చుని వినేలా భాండాగారం తెరుస్తున్నారు. మొట్టమొదట వినిపించాల్సింది 'పెద్దాయన ఇంటి పాట'. ఉదయంపూట ఇంట్లో ఎవరూ వాయించకుండా, తంబురా ఒక్కటే పెట్టుకుని పాడిన ఒకే రాగం, ఇరవై రెండు నిమిషాలు. ఆ డబ్బా మీద 'ఇంట్లో, ఉదయం' అనీ, తారీఖూ తప్ప ఇంకేమీ లేదు. పెద్దాయన అల్మారాలో దొరికింది కాబట్టి పెద్దాయనదే అనుకున్నారు. ఆయన కచేరీల్లో ఎక్కడా లేని నిదానం ఇందులో ఉందని పత్రికల్లో రాశారు. ఆ నిదానం గురించి ఒకాయన ఏకంగా ప్రసంగమే చేశాడు.

చేతులు మారిన కాపీలన్నీ ఎవరో కత్తిరించినవి. చీటీలావిడ మాత్రం అసలు టేపు తీసింది. దాని చివర ఇంకో ముప్పావు నిమిషం ఉంది. అందులో ఏదో అరుపు, ఎవరో కసురుకుంటున్నట్టు బొంగురు మాట. పాత రిజిస్టరులో ఎవరో 'చివర పిల్లి' అని రాసి పెట్టారు.

పాత టేపుల్లో చాలావాటిలో పాట కింద సన్నగా కరెంటు గుయ్యిమంటూ ఉంటుంది. మనకు వినబడదు, ఆవిడకు వినబడుతుంది. కంప్యూటరు దాన్ని అంకెలో చూపిస్తుంది కూడా. కరెంటు సెకనుకు యాభైసార్లు కొట్టుకుంటుంది, ఆ లెక్క పెద్దగా తప్పదు. ఆ గుయ్యి యాభై దగ్గర ఉంటే టేపు సరైన వేగంలో ఉన్నట్టు. తేడా ఉంటే అప్పట్లో మెషీను తప్పు తిరిగినట్టు. ఆవిడ ప్రతి టేపుకూ ముందు ఇదే చూసేది. ఈ టేపులో గుయ్యి నలభై రెండు దగ్గరుంది.

అంటే ఏమిటి? ఆ ఇంటి మెషీను రికార్డు చేసేటప్పుడు గబగబా తిరిగింది. దాన్ని తెచ్చి మంచి మెషీను మీద వేస్తే పాట సాగుతుంది, గొంతు దిగుతుంది. ఆవిడ వేగం సరిచేసి మళ్ళీ మొదటినుంచి పెట్టింది. పాట పద్దెనిమిదిన్నర నిమిషాలకు వచ్చింది. ఆ గొప్ప నిదానం కాస్తా ఎగిరిపోయింది. మగగొంతు కూడా పోయింది. పాడుతున్నది ఒక ఆడమనిషి. చివర అరిచింది పిల్లి కాదు, చంటిపిల్లాడు. కసురు కాదది, ముద్దు చేయడం. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసింది. ఇరవై ఏళ్ళుగా ఎవరి పాటను ఎవరికి కట్టబెట్టి పొగుడుతున్నామో అనుకుంటే ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

పెద్దాయనకు ఒక చెల్లెలుంది. బతికే ఉంది, ఎనభై నాలుగేళ్ళు. ఒకప్పుడు వాళ్ళ వదిన కాన్పు తరవాత మంచాన పడితే, పిల్లాణ్ణి నాలుగేళ్ళ దాకా పెంచింది ఈవిడే. ఆ పిల్లాడే ఇప్పటి అధ్యక్షుడు. డబ్బా మీది తారీఖు కూడా సరిగ్గా ఆ రోజులదే. చీటీలావిడ మర్నాడు సాయంత్రం ఆ ముసలావిడ ఉండే రెండు గదుల వాటాకు వెళ్ళి, ఫోను చెవి దగ్గర పెట్టి పాట వినిపించింది. ఇదెవరిదో ముందు చెప్పలేదు. ముసలావిడ కళ్ళు మూసుకుని, మంచం పట్టె మీద వేళ్ళు కదుపుతూ వింది. పదకొండో నిమిషం దగ్గర చెయ్యి పైకెత్తింది.

"ఇక్కడ జారాను చూడు. రెండుసార్లు తిప్పబోయి ఒక్కసారితో దిగిపోయాను. అన్నయ్య వింటే చంపేస్తాడని భయమేసింది."

చీటీలావిడకు ఇంకేం రుజువు కావాలి? పాడినవాళ్ళకు తప్ప ఆ తప్పు ఎవరికి గుర్తుంటుంది? అన్నయ్య ఊళ్ళో లేనప్పుడు ఆయన కొత్తగా కొన్న మెషీను పెట్టుకుని పాడానని, తరవాత వినడానికి కూడా ధైర్యం చాలక డబ్బాలో పెట్టేశానని ముసలావిడ చెప్పింది. తన గొంతు అంటూ ప్రపంచంలో మిగిలింది ఆ ఒక్క టేపే. మీ పేరు వెయ్యాలంటే గొడవవుతుంది, మీ మేనల్లుడుగారు ఊరుకోరు అని చీటీలావిడ ఉన్నమాట చెప్పింది.

"వెయ్యమ్మాయ్. ఎనభై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా నాకు మొహమాటమేమిటి? కానీ త్వరగా వెయ్యి."

ఆ మాట చీటీలావిడ ఇంటిదాకా మోసుకుపోయింది. మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టగానే, చెప్పుల జోడు కూడా సర్దుకోకుండా, చీటీ రాసేసింది. ఎవర్నీ అడగలేదు.

రెండు రోజుల్లో కబురు పైకి పాకింది. అధ్యక్షుడు స్వయంగా మూలగదికి వచ్చాడు. భారీ మనిషి. ఆ గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఆయనకు సరిపోలేదు. చెడ్డవాడు కాదు, నిజం చెప్పాలంటే. తండ్రి పోయాక ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ పాటే వింటున్నాడు. అది నాన్న కాదంటే ఆయనకు నాన్న రెండోసారి పోయినట్టే ఉంది. ఆహ్వానాలు అచ్చయిపోయాయి అన్నాడు. పత్రికలవాళ్ళు నవ్వుతారు అన్నాడు. మెషీను తప్పు తిరిగిందనేది మీ ఊహ అన్నాడు. ఆవిడ నలభై రెండు అంకె చూపించింది. ఆయన చూడలేదు. చివరికి దిగొచ్చి, సరే, నాన్న పేరూ వద్దు, అత్త పేరూ వద్దు, పాడినవారు: తెలియదు అని వెయ్యండి అన్నాడు.

"తెలుసు కదా సార్," అందావిడ. "తెలిసినవాళ్ళని తెలియదని నేను రాయను. ముప్ఫై ఒక్కేళ్ళలో ఎప్పుడూ రాయలేదు. మీరు రాసుకుంటే రాసుకోండి, ఇదిగో కంప్యూటరు. కాకపోతే పక్కన 'మార్చింది ఎవరు' అనే గడిలో మీ పేరు పడుతుంది. ప్రపంచమంతా చదువుతుంది."

ఆయన ముఖం ఎర్రబడింది. మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నారా అని కూడా అడిగాడు. ఆలోచించానని, రేపు కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఆ కరెంటు గుయ్యి యాభైకి మారదని ఆవిడ చెప్పింది. తరవాత హెడ్‌ఫోన్లు ఆయన చేతిలో పెట్టి, పాట వద్దు సార్, ఆఖరి ముప్పావు నిమిషం వినండి చాలు అంది.

ఆయన పెట్టుకున్నాడు, ఆవిణ్ణి తొందరగా వదిలించుకుందామనే. లోపల పాట సాగుతూ ఉండగా పిల్లాడు లేచి గుక్కపట్టాడు. గొంతు ఇంకో రెండు స్వరాలు లాగడానికి చూసి, ఆగిపోయింది. తంబురా పక్కన పెట్టిన చప్పుడు. ఆ తరవాత, చాలా దగ్గరగా: "ఉండరా బుడంకాయ్, వస్తున్నా, వస్తున్నా."

ఆయన్ని బుడంకాయ్ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆయన మళ్ళీ వినిపించమన్నాడు. మూడోసారి అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పాట ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో ఆయనకు తెలిసిపోయింది. అత్త పేరే ఉండనివ్వండి అని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఆ చివరి ముక్క మాత్రం కత్తిరించెయ్యండి, సభలో బాగుండదు అన్నాడు. ఆవిడ ససేమిరా అంది. అది కత్తిరించబట్టే కదా సార్ ఇరవై ఏళ్ళు ఇలా తగలడింది అని, ఆయన చూస్తుండగానే మళ్ళీ కుర్చీలో కూర్చుని పనిలో పడిపోయింది.

తెరిచే రోజు హాలు నిండింది. ముసలావిణ్ణి ముందు వరసలో, మేనల్లుడి పక్కన కూర్చోబెట్టారు. పాట అయింది. పిల్లాడు ఏడ్చాడు. ఆవిడ వస్తున్నా అంది. వేదిక మీద పెద్ద తెరపై చీటీ వచ్చింది. ముసలావిడకు అక్షరాలు ఆనలేదు. ఏమని రాశారో చదవరా అంది, చెవి సరిగా వినబడదు కాబట్టి గట్టిగానే అంది. మైకు ఆయన చేతిలోనే ఉంది. తప్పించుకోవడానికి దారి లేదు.

ఆయన లేచి నిలబడి చదివాడు. పాడినవారు అని అత్త పూర్తి పేరు చదివాడు. ఆ పేరు ఒక సభలో పైకి వినబడటం అదే మొదటిసారి. తంబురా అని మళ్ళీ ఆవిడ పేరే చదివాడు. వేగం సరిచేసి చీటీ రాసినవారు అని చీటీలావిడ పేరు చదివాడు. హాలు చివర, తలుపు దగ్గర వాళ్ళాయన పక్కన నిలబడ్డ ఆవిడ, సిబ్బంది అనే మాట ఎక్కడా రాకపోవడం విని కళ్ళు తుడుచుకుంది. ఆయన అక్కడితో ఆపి కూర్చోబోయాడు.

"ఇంకో వరస ఉన్నట్టుందే, అదీ చదువు," అంది ముసలావిడ.

ఆయన ఒకసారి తలుపువైపు చూశాడు. చీటీలావిడ చూపు తిప్పుకోలేదు. ఆయన గొంతు సవరించుకుని, వినబడ్డవాళ్ళు అని మొదలుపెట్టి, తన పేరు తనే చదివాడు. పక్కన రాసింది కూడా చదివాడు: ఏడుపు, వయసు ఏడు నెలలు.

హాలంతా ఘొల్లుమంది. ముసలావిడ నవ్వలేదు. మేనల్లుడి చెయ్యి పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టుకుంది.

"ఏడిస్తే ఏడ్చావు గాని, అప్పుడు కూడా శ్రుతి తప్పే ఏడ్చావురా," అంది.