కోటమ్మ లైను ఎవరు ఊడ్చారు

ఆఫీసు కాగితాల్లో సలోమి ఔట్‌సోర్సింగ్ పారిశుధ్య కార్మికురాలు, అంతే. అయినా మా వార్డులో తనతో కలిపి తొమ్మిది మందిని నడిపేది ఆమే. నేను భార్గవిని, ఆ వార్డు శానిటేషన్ సెక్రటరీని. ఎమ్మెస్సీ చదివి వచ్చినా పని మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పొద్దున ఐదింటికి అందరి ముఖాలూ నా ఫోనులో పట్టి హాజరు వేస్తాను. తర్వాత ఎవరి లైను వాళ్ళు ఊడ్చుకుంటూ పోతారు. లైనంటే ఒక్కొక్కరికి పంచిన వీధులు.

రైల్వే గేటు లైను కోటమ్మది. ముప్పై ఏళ్ళ కిందట బొల్లాపల్లి నుంచి వచ్చి చీపురు పట్టిన మనిషి. రెండేళ్ళుగా మోకాళ్ళు అరిగిపోయి వంగలేకపోతోంది. మొగుడు పుల్లయ్య క్వారీలో దుమ్ము పీల్చి పీల్చి మంచాన పడ్డాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆమె ఉద్యోగం ఉండాల్సిందే. అందుకని సలోమి తన లైను అయ్యాక కోటమ్మ లైనులో సగం ఊడ్చేది. మిగతావాళ్ళూ తలా ఒక చెయ్యి వేసేవాళ్ళు. దాన్ని సాయమని ఎవరూ అనలేదు. "మా వదినకి అరుగుల మీద కబుర్లకే పొద్దు చాలదు, ఇంక ఊడ్చేదెప్పుడు?" అని సలోమి కోటమ్మను ఆటపట్టించేది. నాకన్నీ తెలుసు. తెలియనట్టు ఉండేదాన్ని.

మొన్న వేసవిలో సర్వే వచ్చింది. ఏ వార్డుకు ఎంతమంది కావాలో తేల్చాలట. ఎవరి లైను ఎంతసేపట్లో అవుతోందో సర్వేవాళ్ళు నాలుగు రోజులు వెంట ఉండి చూస్తారన్నారు.

సలోమి అందర్నీ పోగేసింది. "ఈ నాలుగు రోజులు ఒళ్ళు దాచుకోమాకండి. ఒక్క లైను వెనకబడినా వదిన సంగతి బయటపడిద్ది" అంది. తను సర్వేవాళ్ళకన్నా ముందే వచ్చి కోటమ్మ లైను సగానికి పైగా ఊడ్చి పెట్టేది. మిగిలింది కోటమ్మ ఎలాగో నెట్టుకొచ్చేది. మిగతావాళ్ళు టీ కూడా మానేసి పనిచేశారు. పదకొండు దాకా సాగే పని తొమ్మిదికల్లా అయిపోయింది. సర్వేవాళ్ళు శభాష్ అన్నారు. సలోమి ఆ వారమంతా ఎంత సంబరపడిందో చెప్పలేను.

నెల తిరక్కుండా రిపోర్టు వచ్చింది. మా వార్డుకు ఏడుగురు చాలు, ఇద్దరు మిగులు. ఎవరా ఇద్దరన్నది ఇంకా తేలలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పని తక్కువైతే తీసేస్తారని భయపడి ఎక్కువ చేశారు. ఎక్కువ చేసినందుకు తీసేస్తారట! మామూలు రోజున ఒక్కసారి వచ్చి చూసి ఉంటే ఎవరి సొమ్ము పోయేది? నోరు తెరిచి ఆ మాట నేనూ చెప్పలేదనుకోండి.

చెప్పింది సలోమి. నన్ను వెంటబెట్టుకుని మునిసిపల్ కమిషనర్ దగ్గరికి వెళ్ళింది. "సార్, ఆ లెక్క తప్పు. రైల్వే గేటు లైను రిపోర్టులో రాసినంత తొందరగా అయ్యేది కాదు. మీవాళ్ళు రాకముందే సగం నేనే ఊడ్చా. కోటమ్మ వదిన మోకాళ్ళు అరిగి వంగలేకపోతోంది సార్. తొమ్మిది మందిమీ కలిస్తేనే ఆ పని అయిద్ది. ఇద్దరు తగ్గితే వార్డంతా కంపు కొట్టిద్ది" అంది.

ఆయన చెడ్డవాడేం కాదు. కూర్చోబెట్టి మొత్తం విన్నాడు. "భార్గవి గారూ, ఆమె చెప్పింది వాంగ్మూలంగా రాసి ఫైల్లో పెట్టండి" అన్నాడు. నేనే టైపు చేశాను. సలోమి సంతకం పెట్టింది. లెక్క మారుతుందనే ఇద్దరం నమ్మాం. ఆమె నమ్మిందంటే అర్థముంది. ఫైళ్ళ మధ్య బతికే నాకు బుద్ధుండాలి.

లెక్క మారలేదు. పేర్లు మాత్రం తేలాయి. ఒకరు అందరికన్నా చివర చేరిన ఎలీషా. రెండోది కోటమ్మ.

ఉత్తరం పట్టుకుని ఆమె మా వార్డు సచివాలయానికి వచ్చింది. సలోమి అప్పటికే నా దగ్గర నిలబడి ఉంది. "నాకు చదువు రాదు గదమ్మా, ఏం రాశారో చెప్పు" అంది కోటమ్మ. చదివాను. "తన లైను స్వయంగా చేయలేకపోతున్నట్లు తోటి కార్మికురాలి వాంగ్మూలం ద్వారా తెలిసినందున..." అక్కడ ఆపాల్సింది. అలవాటైన నోరు ఆగలేదు.

"ఎవురమ్మా ఆ తోటి కార్మికురాలు?"

నేను ఉత్తరం మడవబోయాను.

"నేనే వదినా" అంది సలోమి.

కోటమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నా మోకాళ్ళ సంగతి నువ్వు చెప్పొచ్చావా సలోమీ?"

"అందరం ఉంటామనుకున్నా వదినా. లెక్క తప్పని చెబితే ఎవురూ పోరనుకున్నా."

తిట్టినా బాగుండేది. మెడలోని గుర్తింపు కార్డు తీసి నా టేబుల్ మీద పెట్టి, కోటమ్మ గుమ్మం వైపు నడిచింది. సచివాలయం మెట్లు మూడు. రెండేళ్ళుగా వాటిని ఆమె సలోమి చెయ్యి పట్టుకునే దిగేది. సలోమి ఏడుస్తూ పరుగున పోయి చెయ్యి అందించింది. కోటమ్మ ఆ చెయ్యి తోసేసి, పై మెట్టు మీద చతికిలబడి, కూర్చునే ఒక్కొక్క మెట్టూ దిగింది.