బావి కోసం అర్జీ

నిజాం కాలంలో ఒకసారి మొయినాబాద్‌లో బస్సు కోసం కూర్చున్నాను. చేవెళ్ల దిక్కు నుంచి వచ్చిన ముసలామె నేను ఉర్దూ పత్రిక చదవడం చూసి నా చేతికి కాగితమిచ్చింది.

"ఉర్దూల అర్జీ రాయి కొడుకా. మా వాడకు బావి గావాలె."

ఆ వాడలో సగం మందికి ఆమే పురుడు పోసిందట. ముందిచ్చిన మూడు అర్జీలను సర్కారు కచేరీలో గుమాస్తా చింపేశాడట.

రాసి, తెలుగులో చెబుతూ, "తమ కాళ్లు మొక్కి..." అనగానే ఆపింది.

"గా మాట నేను చెప్పిన్నా?"

"రాయకుంటే సాబుకు కోపమొస్తదవ్వా."

"రానియ్యి. చింపితే మల్ల రాయిస్త. నీళ్లడుగుతున్న, బిచ్చం గాదు. కొట్టెయ్."

కొట్టేశాను. వేలిముద్ర వేసి, కాగితం కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

అదీ చింపారని, ఆ తర్వాతి అర్జీకి బావి తవ్వారని చాలా ఏళ్లకు విన్నాను. అప్పటికి నేనూ గుమాస్తానే. నా సెలవు చీటీల్లో కాళ్లు మొక్కడాలుండవని, మరీ పొట్టిగా ఉంటాయని పై అధికారులు విసుక్కునేవారు.