73939133 ఎవరి నంబరు

గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయ్యి బయటికి తెచ్చాక, మత్తు దిగకముందే నేను ఒక నంబరు చెప్పానట. 73939133. మళ్ళీ మళ్ళీ అదే చెప్పానట. బస్సు రాకపోయినా, కరెంటు పోయినా మనసులో ఆ సంఖ్యను చెప్పుకోవడం నాకు అలవాటు. ఆ మత్తులో ఏ దేవుణ్ణో తలుచుకుని ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు.

మంచం పక్కన కూర్చున్న తమ్ముడు దాన్ని ఫోన్లో ఎక్కించుకుని, ఎనిమిది అంకెలే ఉన్నాయని కంగారుపడ్డాడు. అక్కకి చివరి రెండూ గుర్తు రావడం లేదని తేల్చేశాడు. రామచంద్రపురం హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, పెళ్ళీ గిళ్ళీ లేకుండా వాళ్ళ మేడ మీద వాటాలో ఉంటున్న మనిషి ఎవరి నంబరు కలవరిస్తుందా అని మరదలు తల బద్దలు కొట్టుకుంది. అంకెలన్నీ కూడింది కూడా. ముప్పై ఎనిమిది, దాన్ని కూడితే పదకొండు, మళ్ళీ కూడితే రెండు. రెండంటే చంద్రుడట, మనసుకి నిలకడ ఉండదట. తమ్ముడు మాత్రం తోచిన రెండంకెలు చివర తగిలించి వరసగా ఫోన్లు చేశాడు. ఒకసారి భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఆయన ఎత్తి, ఎన్ని బస్తాలు కావాలండీ అని అడిగాడట.

ఇంటికొచ్చాక విడమరిచి చెప్పాను.

“అది ఫోన్ నంబరు కాదురా, ప్రధాన సంఖ్య. ఒకటితోనూ, దాంతోనూ తప్ప దేంతో భాగించినా శేషం మిగులుద్ది. చివరున్న ఒక్క అంకె తీసెయ్, మిగిలింది కూడా ప్రధాన సంఖ్యే. ఇంకో అంకె తీసెయ్, అదీ అంతే. ముందున్న ఏడు ఒక్కటే మిగిలేదాకా అంతే.”

“సరే అక్కా, మరి ఆ చివరి రెండంకెలు?”

“చివర ఒక్క అంకె కూడా పెట్టడానికి లేదు. ఏది పెట్టినా చెడిపోద్ది. ఇలాంటి సంఖ్యల్లో ఇంతకంటే పెద్దది లేదు.”

మొగుడూ పెళ్ళాలు మొహమొహాలు చూసుకున్నారు. మర్నాటి నుంచి నా ట్యూషన్ పిల్లలు రాలేదు. “వదినగారికి ఒంట్లో బాగోలేదండి” అని మరదలు గేటు దగ్గరే తిప్పి పంపేస్తోంది. ఆ పిల్లలు కూడా లేకపోతే సాయంత్రాలు నేనేం చెయ్యాలి? నాకు నిజంగానే భయం వేసింది.

చివరికి కాకినాడలో మెదడు డాక్టరుకి చూపించారు. నా దగ్గర చదువుకున్న వాళ్ళ ఈడే ఉంటుంది ఆయనకి. వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్ళమన్నాడు. రెండు మిగిలేదాకా వెళ్ళి, రుణసంఖ్యల్లోకి కూడా దిగమంటారా అని అడిగాను. వద్దన్నాడు. నా సంఖ్య సంగతి కూడా ఓపిగ్గా విన్నాడు.

“మేడమ్‌గారు శుభ్రంగా ఉన్నారండి. ట్యూషన్లు చెప్పుకోనివ్వండి.”

నేను గెలిచాను. తమ్ముడి మొహం మాత్రం వాడిపోయింది. తిరుగు బస్సులో కూడా అలాగే కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“నాకు మతి పోలేదని బాధగా ఉందేంట్రా?”

“అది కాదక్కా.” వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. “మత్తులో కూడా పిలుచుకునే మనిషి నీకు ఒకరున్నారేమో అనుకున్నాం. దొరికితే ఆస్పత్రికి రమ్మందామని అన్ని ఫోన్లు చేశాను.”

ఎవరూ లేరురా అని చెప్పబోయాను. ఏడుపొచ్చింది.