తీసిపెట్టమన్న సంచీ

మా బావకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉంది కానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. వీధి మొత్తానికీ ఆయన ‘పనికొస్తుంది’గారు. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. ఏ వస్తువు చేతికిచ్చినా అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, “పనికొస్తుందిలే” అంటాడు. ఆ మాట అన్నాక ఆ వస్తువు వాళ్ళ ముందుగదిలోకి వెళ్తుంది. మళ్ళీ బయటికి రాదు.

ఆ గదికి ఒక కిటికీ ఉందని మా అక్క చెబితే నమ్మాలంతే. కాలిపోయిన మోటార్లు, రెక్కల్లేని ఫ్యాన్లు, మూతల్లేని మిక్సీ గిన్నెలు, గిన్నెల్లేని మూతలు నడుం దాటి, భుజం దాటి, కిటికీని మింగేశాయి. ఇంట్లోకి వెళ్ళాలంటే పక్కకి తిరిగి నడవాలి. కాస్త ఒళ్ళున్నవాళ్ళు వీధిలో నిలబడే పలకరించి వెళ్ళిపోతారు. నేను ఈ రెండో రకం మనిషిని.

మా అక్క కుట్టుపని చేస్తుంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ మిషను వంటింటి మూలనే. ఆవిడ కుట్టిన గౌను కొత్తగా వేసుకున్నవాళ్ళ దగ్గర మొదటి రోజంతా ఉల్లిపాయ వాసన వస్తుంది. ఇన్నాళ్ళూ అక్క ఏమీ అనలేదు. ఈమధ్య చుట్టుపక్కల ఆడపిల్లలు కొంతమంది కుట్టు నేర్పమని అడిగారు. అక్క సరేనంది. మరో రెండు మిషన్లు మాట్లాడింది. అవి సోమవారం పొద్దున్నకి వచ్చేస్తాయి. ఆలోగా ముందుగది ఖాళీ కాకపోతే మిషన్లనీ పిల్లల్నీ కూడా తనే తీసుకుంటానని పక్కవీధి టైలరమ్మ అప్పటికే నవ్వుతూ కబురు పంపింది. ఆ నవ్వు మా అక్కకి ఎక్కడో గుచ్చుకుంది.

శనివారం నాకు ఫోను చేసింది. “ఒరేయ్ తమ్ముడూ, రేపు నువ్వు రావాలి. మీ బావని ఒక్కణ్ణీ వదిలితే ఒక బోల్టు తీసి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతూ సాయంత్రం చేస్తారు.”

ఆదివారం నేను వెళ్ళేసరికి బావ బనియనుతో కాలు కాలిన పిల్లిలా గుమ్మంలో తిరుగుతున్నాడు. లోపలికి వెళ్తాడు, ఒక మోటారు మీద చెయ్యేస్తాడు, బయటికి వస్తాడు, చేతులు తుడుచుకుంటాడు, మళ్ళీ వెళ్తాడు.

“మొదలుపెడదామా బావా?”

“ఉండరా, తొందరేముంది? ముందు టీ తాగు.”

“తాగాను.”

“ఇంకోటి తాగు.”

అక్క కొంగు నడుముకి దోపుకుని వచ్చింది. ఒక తుప్పు పట్టిన రెగ్యులేటరు ఎత్తి చూపించింది. “ఇది?”

“పనికొస్...” అక్క చూపు చూశాడు. “...రాదనుకో.”

అలా మొదలైంది. మొదట్లో ఒక్కో వస్తువుకీ ఒక్కో నిట్టూర్పు. తర్వాత ఏమైందో తెలీదు, ఆయన చెయ్యి అలవాటు పడిపోయింది. మధ్యాహ్నానికి మనిషికి పూనకం వచ్చేసింది. నేను స్టూలెక్కి అటక మీంచి ఏది అందిస్తే అది, చూడకుండానే వీధిలోకి మోసేస్తున్నాడు. చెమట తుడుచుకుందామని పక్కన పెట్టుకున్న నా జేబురుమాలు కూడా అప్పుడే వెళ్ళిపోయింది. పోతే పోయిందిలే, బావ మారాడు కదా అని సంబరపడ్డాను.

పాత సామాన్లవాడు బండి తెచ్చుకుని, ఆ గుట్ట చూసి నోరు వెళ్ళబెట్టాడు. పాపం, అతను ఎరిగిన ఇన్నేళ్ళలో మా బావ అతని కొట్టుకి కొనడానికి వెళ్ళడమే కానీ అమ్మడం ఎప్పుడూ లేదు.

“గురువుగారూ,” అన్నాడు గొంతు తగ్గించి, “ఇంట్లో అంతా కులాసానేనా?”

“ఎత్తవయ్యా ఎత్తు! నేను మనసు మార్చుకునేలోపు ఎత్తెయ్!”

అదే సమయానికి లోపలి గదిలోంచి అక్క కేక వేసింది. “ఏవండీ, బీరువా మీద గోనెసంచీ ఉంది. అది కాస్త తీసిపెట్టండి!”

“ఆఁ, తీసిపెడుతున్నా!” అన్నాడు బావ హుషారుగా.

బండి వెళ్ళిపోయింది. ముందుగది ఖాళీ అయింది. కిటికీ నిజంగానే ఉంది. అక్క దాని రెక్కలు తోసి, వెలుతురులో నిలబడి, చేతులతో గాలిలో కొలతలు వేసింది. “ఇక్కడో మిషను. ఇక్కడో మిషను. ఇదిగో, ఇక్కడ కటింగు బల్ల.” ఆవిడ మొహం చూస్తే నాకే కళ్ళు చెమర్చాయి. జేబురుమాలు కోసం వెతుక్కున్నాను.

“ఏవండీ, సంచీ ఎక్కడ పెట్టారు?”

“తీసిపెట్టేశానుగా.”

“అదే, ఎక్కడ?”

“బండిలో.”

నేను స్టూలు మీద ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఉండిపోయాను.

విషయమేమిటంటే, మా అక్క పుట్టింట్లో ‘తీసిపెట్టు’ అంటే పదిలంగా పక్కన ఉంచమని. కూర తీసిపెట్టు అంటే, రాబోయే మనిషి కోసం ఉంచమని. బావ పనిలో మాత్రం కాలిపోయిన మోటారు చేతికిచ్చి ‘వైరు తీసిపెట్టు’ అంటే, పీకి అవతల పడెయ్యమని. ఇన్నేళ్ళ కాపురంలో ఈ రెండూ ఎదురుపడే అవసరం రాలేదు, ఎందుకంటే ఇన్నేళ్ళలో మా బావ దేన్నీ అవతల పడెయ్యలేదు.

“అందులో నా కటింగులున్నాయండీ,” అంది అక్క. అరవలేదు. అరిచినా బాగుండేది. కటింగులంటే, చొక్కాకీ గౌనుకీ భుజం, చెయ్యి, మెడ కొలతల ప్రకారం కత్తిరించుకున్న మందపాటి కాగితాలు. గుడ్డ మీద వాటిని పరిచి గీత గీసుకుంటారు. ఒక్కో మనిషి ఒంటి మీద సరిచూసి, దిద్ది, మళ్ళీ దిద్ది చేసుకున్నవి. “రేపు ఆ పిల్లలకి ఏం పెట్టి నేర్పను? నా తలకాయ పెట్టి నేర్పనా?”

బావ అప్పటికే స్కూటరు తన్నుతున్నాడు. అది నాలుగు చచ్చిన స్కూటర్ల నుంచి పుట్టిన స్కూటరు. ఓ పట్టాన లేవదు. లేచాక ఆగదు. వెనక నేను, ముందు ఆయన, బనియనుతో, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నాది. నాలుగు వీధుల కూడలిలో ఎర్రదీపం పడింది. పక్కనే రిక్షాలో ఒకావిడ, నీటుగా తయారై ఎక్కడికో వెళ్తోంది.

“ఏమండీ, మా మిక్సీ ఏం చేశారు?”

బావ బనియను చిరుగు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “అయిపోయిందమ్మా! రేపొచ్చి పట్టుకెళ్ళండి!” దీపం మారగానే వెనక్కి తిరక్కుండా నన్నడిగాడు. “ఒరేయ్, ఆవిడ మిక్సీ పచ్చది. బండిలో పచ్చగా ఏమైనా చూశావా?”

“చూశాను బావా.”

“చచ్చాం.”

కొట్టు దగ్గర సంచీ అప్పటికే బోర్లించేశారు. కాగితాల కుప్పలో కటింగులు కలిసిపోయాయి. బస్తాలు కట్టేవాడు తాడు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బావ ఆ కుప్ప మీద అడ్డంగా పడ్డంత పని చేశాడు. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. ప్రతి కటింగు మీదా అక్క పెన్సిలు రాత. ‘మూలింటి పిన్ని, ఎడమ భుజం కిందకి.’ ‘నర్సమ్మ, మెడ చుట్టూ వదులు.’ ‘టీచరుగారి చిన్నది, చేతులు పొడుగు, ఎదుగుతుంది.’

బావ ఏరడం ఆపేసి చదువుతున్నాడు. “ఒరేయ్, వీధిలో వాళ్ళందరూ ఉన్నారేంట్రా ఇందులో!”

“నువ్వూ ఉన్నావు బావా.”

పైన ‘ఆయన’ అని ఒక్క మాటే ఉంది. చొక్కా ముందుభాగం. పొట్ట దగ్గర ఒక గీత. దానికి బయటగా ఇంకో గీత. దానికీ బయటగా మరోటి. చివరికి కాగితం చాలక అతుకు వేసి, ఆ అతుకు మీద కూడా గీసింది.

బావ మొహం ఎర్రబడింది. దాన్ని గబగబా మడిచాడు. “ఇదొక్కటీ ఇక్కడే వదిలేద్దామా?”

నేను పచ్చ మిక్సీ వెతకడానికి వెళ్ళాను. అది దొరికింది. తిరిగొచ్చేసరికి బావ తన ఫ్యాన్ల గుట్ట ముందు నిలబడి ఉన్నాడు. పైనున్న మోటారు ఇరుసుని వేలితో తిప్పాడు. అది మెత్తగా తిరిగింది.

“తిరుగుతోందిరా.”

“పద బావా.”

“బేరింగు బాగానే ఉంది.”

“బావా.”

పాత సామాన్లవాడు జాలిపడ్డాడు. “కావాలంటే తీసుకెళ్ళండి గురువుగారూ, మీదేగా.”

బావ ఇంకోసారి తిప్పాడు. అది ఆగేదాకా చూశాడు. సంచీ భుజాన వేసుకుని, మిక్సీ నా ఒళ్ళో పెట్టి, స్కూటరు తన్నాడు. ఇంటికొచ్చాక కూడా ఖాళీ గదిలో ఆ గోడకీ ఈ గోడకీ తిరుగుతూనే ఉన్నాడు. చెయ్యి ఎక్కడ వేద్దామన్నా ఏమీ లేదు.

అక్క కటింగులన్నీ నేల మీద పరిచింది. చూసింది, మళ్ళీ చూసింది. “ఒకటి తక్కువ.”

“చినిగిపోయిందేమోలే,” అన్నాడు బావ కిటికీ వైపు చూస్తూ.

“పెద్ద సైజుది. అది లేకపోతే లావు మనిషికి చొక్కా ఎలా నేర్పను?”

బావ కాసేపు అటూ ఇటూ చూశాడు. నన్ను చూశాడు. నేనూ కిటికీ వైపు చూశాను. చివరికి బనియను లోపలికి చెయ్యి పెట్టి, చెమటతో మెత్తబడిన కాగితం తీసి ఇచ్చాడు. అక్క విప్పి చూసి పెదవి బిగించింది. ఆ నవ్వుని అలాగే పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

సోమవారం మిషన్లు వచ్చాయి. పిల్లలూ వచ్చారు. చెప్పు మార్చుకునే నెపంతో నేనూ వెళ్ళాను. బావ మాత్రం వీధిలో పచ్చ మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు కానీ, దృష్టి దాని మీద లేదు. లేస్తాడు, కిటికీ ముందు నుంచి నడుస్తాడు, వెనక్కి వస్తాడు. లోపల అందరూ నవ్వితే టక్కున ఆగుతాడు.

“నా గురించేనంటావా?”

“అబ్బే, ఏదో గుండీల గురించి.”

ఇంతలో అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది. “ఏవండీ, ఒకసారి వచ్చి ఇలా నిలబడండి. కొలత తీసుకోవడం చూపించాలి.”

బావ నా వైపు దీనంగా చూశాడు. చేతులు చొక్కాకి తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. నిన్నటిదాకా తన మోటార్లున్న చోటే, గది మధ్యలో, పిల్లలందరి ముందూ, ఊపిరి బిగబట్టి, పొట్టంతా లోపలికి లాక్కుని నిటారుగా నిలబడ్డాడు.

అక్క టేపు చుట్టి, ఆగింది.

“వదిలెయ్యండి,” అంది.