చక్రాలకు నలుగు

మా అన్నయ్య శేషాచలానికి దాచటం చేతకాదు. ఎవరూ అడగకపోయినా ఉన్నది ఉన్నట్టు చెప్పేసేవాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినచోట, తనకు గురక వస్తుందనీ అది పక్కింటిదాకా వినపడుతుందనీ చెప్పి వచ్చాడు. రెండో సంబంధం దగ్గరా అదే చెప్పాడు. మూడోది అమ్మ వెతకలేదు.

అద్దంకిలో హైస్కూలు సైన్సు మాస్టారు. నాన్న గుడి పూజారి కాబట్టి ఊరికి చిన్నప్పటినుంచే పంతులుగారు. ఆ పంతులుగారికి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. జపాన్‌లో తయారైన పాత బండి, రెండే తలుపులు, రెండే సీట్లు. గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన సరదాపడి తెప్పించుకుని, నడుము పట్టేయగానే వదిలించుకున్నాడు. కొనేవాడు దొరక్క అన్నయ్యకు దొరికింది. ఆదివారం పొద్దున్నే బకెట్ నీళ్ళతో దాన్ని కడుగుతుంటే చూడాలి. చొక్కా విప్పి, జంధ్యం చెవికి చుట్టుకుని, చక్రాల్లోని ఒక్కో చువ్వా పాత టూత్ బ్రష్షుతో తోమేవాడు. అమ్మ వెంకాయమ్మ మాత్రం దాన్ని బండి అనేది కాదు. "నేలమీద పాకేది" అనేది. లారీవాడి కంటికి ఆనదని ఆమె భయం. ఒక్కసారి కూడా ఎక్కలేదు.

బండికి పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషన్ గడువు తీరే నెలలోనే సింగరకొండ దారిలో ముందు చక్రం గోతిలో పడింది. అల్లాయ్ చక్రం అంచు పగిలింది. మిగతా మూడూ అప్పటికే సొట్టలు పోయి ఉన్నాయి. ఆ చక్రాలతో బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళితే బండి పరీక్ష తప్పుతుంది. అమ్మ ఇదే అదను అనుకుంది. కాగితం వస్తే ఉంచుకో, రాకపోతే తుక్కువాడికి ఇచ్చెయ్యి, మళ్ళీ దాని మాట నా దగ్గర ఎత్తకు అంది. అన్నయ్య సరేనన్నాడు. అన్నయ్య సరే అంటే ఇక దానికి తిరుగులేదు. అందుకే నాకు భయం వేసింది.

గుంటూరు ఆటోనగర్‌లో రోజంతా తిరిగాం. నాలుగు రంధ్రాలున్న చక్రాలు బోలెడు. ఆ రంధ్రాల మధ్య ఎడం మాత్రం మా బండిది కాదు. కొంచెం తోస్తే పడతయ్యండీ అని ఒకాయన సుత్తి తీశాడు. అన్నయ్య నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. చివరికి ఎవరో చెబితే మంగళగిరి వెళ్ళాం. చేనేత చీరల కొట్టున్న చెంచురామయ్య గారింట్లో ఇలాంటి బండే ఒకటి రేకుల షెడ్డులో పట్టా కప్పి ఉంది. ముందు భాగం లోపలికి పోయింది. చక్రాలు నాలుగూ బాగున్నాయి.

అన్నయ్య ఒక్కో చక్రాన్నీ విప్పించి, తాడుకు వేలాడదీసి, కర్రతో తట్టి విన్నాడు. పగులుంటే బొంగురుగా పలుకుతుందట. నాలుగూ ఒకే శ్రుతిలో పలికాయి. నేల మీద దొర్లించి వంకర చూశాడు. అప్పుడు అడిగాడు, ఈ బండికి ఏమైందని.

చెంచురామయ్య గారు పట్టా మడత సర్దుతూ, "మా తమ్ముడు పోయాడండీ ఇందులో" అన్నారు. "బండి ఆగే ఉంది. లారీయే వచ్చి గుద్దింది. చక్రాల తప్పేం లేదు. మా మరదలు ఈ షెడ్డు వైపు రాదు. మీరు తీసుకుపోతే మాకూ తెరిపి."

అన్నయ్య పట్టా రెండో కొస తానే సర్దాడు. తర్వాత చక్రాలు ఆటోలోకి ఎక్కించాడు. దారిలో నేను ఒక్కటే చెప్పాను, ఈ సంగతి అమ్మకు చెప్పొద్దని. తలూపాడు. ఇంట్లోకి అడుగుపెట్టి, చెప్పులు విడుస్తూనే చెప్పేశాడు.

అమ్మ గొడవ చేయలేదు. అదే వింత. మర్నాడు మెకానిక్ ముస్తాక్ స్పానర్లు, జాకీ పట్టుకుని వచ్చేసరికి అన్నయ్య స్కూల్లో ఉన్నాడు. అరుగుకు ఆనించిన నాలుగు చక్రాలూ పచ్చగా మెరుస్తున్నాయి. అమ్మ పొద్దున్నే లేచి చావు దోషం పోవాలని గడప పసుపు ముద్ద చేసి వాటికి పట్టించింది. ముందూ వెనకా, రంధ్రాల్లోపలా, ఎక్కడా వదలకుండా. పైన కుంకుమ బొట్లు. ముస్తాక్ చెప్పులు వాకిట్లో విడిచి వచ్చి, నాలుగూ బిగించి వెళ్ళాడు. సాయంత్రం అన్నయ్య వచ్చి చూసి, పైకి కనిపించే పసుపు బాగానే ఉందని నవ్వాడు.

సోమవారం గుంటూరులో ఇన్‌స్పెక్షన్. ఒంటిగంట లోపు బండి అక్కడ ఉండాలి. ఆ నెలలో మాకు దొరికిన ఆఖరి రోజు అది. పక్క సీట్లో నేను. మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కాం. మిరప దిగుబడి రోజులు. ముందూ వెనకా టిక్కీలనే మిరప బస్తాల లారీలే. అద్దాలు ఎత్తినా ఘాటు గొంతులో దిగుతూనే ఉంది.

మార్టూరు దాటాక చిన్న చప్పుడు. టిక్. కాసేపాగి మళ్ళీ టిక్. రోడ్డు అతుకులనుకున్నాను. అన్నయ్య పాడుతున్న పాట ఆపేశాడు. చేతులు స్టీరింగు మీద బిగిసి ఉన్నాయి, అయినా అది వణుకుతోంది. వెనక మిరపకాయల లారీ ఒకటి హారన్ మోగిస్తూ మీదికొస్తోంది. దాని బంపరు మా వెనక అద్దం నిండా ఉంది.

"బ్రేకు వెయ్యి అన్నయ్యా."

"వేస్తే చక్రం ఊడుతుంది. మాట్లాడకు."

కాలు మెల్లగా తీశాడు. ఎడమవైపు లైటు వేసి, వేగం తనంతట తాను తగ్గేదాకా బండిని గీత వెంట పోనిచ్చాడు. టిక్ టిక్ దగ్గరపడుతోంది. లారీ మమ్మల్ని ఒరుసుకున్నట్టే దాటింది. క్లీనర్ తల బయట పెట్టి ఏదో తిట్టాడు. మట్టి అంచు ఎక్కి బండి ఆగాక కూడా నా కాళ్ళు నేలకు నొక్కుకునే ఉన్నాయి.

ముందు ఎడమ చక్రం నట్లు చేతివేళ్ళతో తిరిగాయి. స్పానర్ అక్కర్లేదు. అన్నయ్య ఒకటి తీసి చూశాడు. రంధ్రంలోంచి ఎండిన పసుపు పొడి రాలింది. చక్రానికీ అది ఆనుకునే హబ్బుకూ మధ్య ముద్దగా ఉన్నప్పుడు బిగించినది, ఎండి, నలిగి, పొడై జారిపోయింది. ఎంత మందాన జారిందో అంత వదులు.

ముస్తాక్‌కి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. తుడవకుండా ఎందుకు బిగించావని అడిగాడు, కోపం లేకుండానే.

"అమ్మగారు పూజ చేసి రాసిన పసుపండీ. నేను గుడ్డెట్టి తుడిస్తే ఏం బాగుంటది సార్? మీవోళ్ళయితే తుడుద్దురేమో. నేనెట్టా తుడిచేది?"

అన్నయ్య సరే ముస్తాకూ అని పెట్టేశాడు.

ఆ ఒక్కటీ బిగించి పోదాం, టైము లేదు అన్నాను. ఒక్కదాంట్లో రాసి మూడింట్లో మానేస్తుందా అమ్మ అన్నాడు. జాకీ పెట్టి ఒక్కో చక్రమే విప్పడం మొదలుపెట్టాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. మా దగ్గర ఉన్నది ఒక చేతిరుమాలు, సగం సీసా నీళ్ళు. రోడ్డు దిగువన మిరప కల్లంలో ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. మమ్మల్ని చూసి ఒకామె బిందె, గోనె పట్టా పట్టుకుని గట్టెక్కింది. పేరు జయకుమారి అని చెప్పింది. మెడలో చిన్న సిలువ. చొక్కా విప్పి, జంధ్యం చెవికి చుట్టుకుని వేళ్ళతో పసుపు గోకుతున్న అన్నయ్యను కాసేపు చూసింది.

"ఏందయ్యా పంతులుగారూ, కారుకి నలుగు పెడతన్నారా? పెళ్ళికొడుకెవరు?"

కల్లంలోంచి నవ్వులు. అన్నయ్య తలెత్తకుండా, "నేనేనమ్మా. ఆలస్యమైతే పెళ్ళి తప్పిపోద్ది" అన్నాడు. ఆమె ఇంక నవ్వలేదు. కూర్చుని, గోనె చింపి తుడవడానికి అన్నయ్యకు సగమిచ్చి, రెండో చక్రం తనవైపు లాక్కుంది. ఆ గోనె మిరపకాయలు నింపినదని మాకు ఎవరికీ తట్టలేదు. అన్నయ్య చెమట తుడుచుకోవడానికి చెయ్యి కంటికి పెట్టాకే తెలిసింది. కళ్ళు చింతనిప్పులయ్యాయి. నీళ్ళు పోస్తే మంట ఇంకా ఎక్కువైంది. కళ్ళు మూసుకునే, వేళ్ళతో తడుముతూ మూడో చక్రం నట్లు ఎక్కించాడు. నాలుగో చక్రం నట్లు నేను స్పానర్ మీద నిలబడి బిగించాను. కళ్ళు తెరవగలిగాక, బయలుదేరేముందు తను మళ్ళీ అన్నీ తట్టి చూశాడు.

మేం చేరేసరికి ఇన్‌స్పెక్టర్ గారు లేచి నిలబడి ఉన్నారు. ఏడుస్తున్న కళ్ళతో ఉన్న మనిషిని చూసి మళ్ళీ కూర్చున్నారు. బండి చుట్టూ తిరిగి, చువ్వల సందులో వేలు పెట్టి పసుపు చూసి, పూజ చేయించారా అని మామూలుగా అడిగారు.

చేయించామండీ అంటే అయిపోయేది. నేను అన్నయ్య చేతిమీద గిల్లాను. ఫలితం లేదు.

"మా అమ్మ చేసిందండీ. దాంతో దారిలో నట్లు వదులయ్యాయి. మార్టూరు అవతల విప్పి, కడిగి, మళ్ళీ బిగించాం. చక్రాలు కూడా పాతవేనండీ. యాక్సిడెంటయిన బండివి."

ఇన్‌స్పెక్టర్ గారు కాగితాలు బల్లమీద పెట్టేశారు. ఆయన మనిషిని పిలిచి పెద్ద స్పానర్ తెప్పించి, ఒక్కో నట్టూ తానే పట్టి చూశారు. బండిని జాకీమీద ఎత్తించి చక్రాలు తిప్పించారు. తర్వాత పక్కన కూర్చుని, బ్రేకు గట్టిగా వేయించారు. దిగుతూ, "వారం రోజుల తర్వాత ఇంకోసారి బిగించుకోండి మాస్టారూ" అన్నారు. సంతకం పెట్టారు.

సాయంత్రం అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. కాగితం వచ్చిందని ముందు నేను చెప్పాను, ఇంకేం చెప్పే వ్యవధి అన్నయ్యకు ఇవ్వకూడదని. లాభం లేకపోయింది. నీళ్ళు తాగి, ఆమె ఎదురుగా అరుగు మీద కూర్చుని, మొత్తం చెప్పాడు. ముస్తాక్ ఎందుకు తుడవలేదో కూడా. ఆ కుర్రాణ్ణి ఏమీ అనొద్దన్నాడు.

"పసుపు రాయొచ్చమ్మా. బయట రాయి. లోపల రాయకు."

అమ్మ అతని ఎర్ర కళ్ళవైపు చూస్తూ, "దోషం లోపలుంటే, బయట రాస్తే పోతుందట్రా?" అంది. మళ్ళీ తనే, "అయితే ఎక్కడ రాయాలో నువ్వే చూపించు" అంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. టైరు రబ్బరు మీద.

అన్నయ్య పోయి ఏడాది. జబ్బు సంగతి అమ్మకు చెప్పొద్దని డాక్టరు గారు నాకు మరీ మరీ చెప్పారు. అన్నయ్య ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే చెప్పేశాడు. అప్పుడూ అమ్మ గొడవ చేయలేదు.

బండి ఇప్పుడు నేను నడుపుతున్నాను. శుక్రవారం పొద్దున్నే అమ్మ గిన్నెలో పసుపు కలుపుకుని వస్తుంది. మోకాళ్ళు పట్టేస్తాయి, అయినా వంగుతుంది. నాలుగు టైర్లకూ, రబ్బరు మీదే, ఒక్కో బొట్టు. చువ్వల మీద చుక్క పడితే కొంగుతో తుడిచేస్తుంది.