అమ్మ పలికే నాలుక

కరోనా తగ్గి, మాస్కులు గడ్డం కిందికి దిగిన ఏడాది. జూన్ నెల. శ్రీకాకుళంలో ఆకు కదలడం లేదు. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టరుని. మధ్యాహ్నం ఓపీలో ఉండగా వరండాలోని గోల ఒక్కసారిగా ఆగిపోయింది. ఆస్పత్రి వరండా అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు భయం. బయటికొచ్చి చూస్తే జనం గోడకి ఒదిగి ఎవరికో దారి ఇస్తున్నారు. కొందరు దణ్ణాలు కూడా పెడుతున్నారు.

వచ్చినామె అప్పలనర్సమ్మ. సముద్రం ఒడ్డున ఎండుచేపలు కొని అమ్ముకునే మనిషి. నుదుట పెద్ద బొట్టు, నోట్లో కుక్కుకున్న తువ్వాలు, దాన్నుంచి కారుతున్న జొల్లు. మాట రావడం లేదు. ఆమె ఆడపడుచు నూకాలు చెప్పుకొచ్చింది.

"మా వదినికి అమ్మ పూనుతాది డాక్టరమ్మా. ఏటకెళ్ళే ముందు పండగలో ఆవిడ నోటంట అమ్మ పలికితేనే మావోళ్ళు బోట్లు దింపుతారు. ఈసారి నాలిక మీద కర్పూరం ఎలిగించుకున్నాది, అమ్మ పలకలేదు. నాలిక సూస్తే ఇలా పొంగిపోనాది. ఏటి తప్పు జరిగిందో!"

తువ్వాలు తీయించాను. నాలుక నోరంతా నిండిపోయి ఉంది. ఊపిరి తీస్తుంటే గొంతులోంచి సన్నటి కూత. పడుకోబెడితే ఉక్కిరిబిక్కిరవుతోంది. కర్పూరం కాల్చిన మచ్చ కొసన చిన్నది. వాపు మాత్రం కుడిపక్క, లోతున. నిప్పు పైన కాలుస్తుంది కానీ లోపల పొంగించదు. వేలితో నొక్కితే గట్టి వాపు మధ్యలో మెత్తగా దిగింది. నోటి వాసన భరించలేనంత ఘోరంగా ఉంది.

నాలుకలో చీముగడ్డని లింగ్వల్ యాబ్సెస్ అంటాం. చాలా అరుదు. నాలుకంతా కండ, రక్తం బాగా పారే చోటు, పైగా ఉమ్మి కడుగుతూనే ఉంటుంది. ఏదైనా గుచ్చుకుని లోపల ఉండిపోతే తప్ప క్రిములు అక్కడ కాపురం పెట్టడం కష్టం.

"చేపముల్లేమైనా గుచ్చుకుందా?" అని అడిగాను.

"ముల్లేటి? మొక్కు పట్టినకాడి నుంచి వదిన నీసు ముట్టనేదు," అంది నూకాలు. అప్పలనర్సమ్మ రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది.

ఆస్పిరేషన్ చేశాను, అంటే లావుపాటి సూదితో లాగి చూడటం. చీము వచ్చింది. యాంటీబయాటిక్ ఎక్కిస్తూనే వెంటనే కోసి తీయాలని చెప్పాను.

"అమ్మ కూకునే నాలిక మీద కత్తెడతారా? ఏటకెళ్ళినోళ్ళు తిరిగొస్తారా? మందుల్తోనే తగ్గించండి," అంది నూకాలు.

"తగ్గేలోపు ఈవిడ ఊపిరి ఆగిపోతుందమ్మా!"

ఏం చేయమంటావో నువ్వే రాయమని అప్పలనర్సమ్మకి కాగితం, పెన్ను ఇచ్చాను. ఆమె నూకాలు వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు ఆమె వణకడం మొదలైంది. చీము పట్టిన ఒంటికి అలాంటి వణుకు వస్తుంది, రైగర్ అంటాం. అదే అనుకున్నాను. మంచం ఇనుప కాళ్ళు నేలకి టకటక కొట్టుకుంటున్నాయి. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

"కొయ్యి."

ఆమె వైపు నుంచి వచ్చిన ఆ మాట గదిలో ఉన్న అందరం విన్నాం. సిస్టర్ చేతిలోంచి ట్రే జారిపోయింది. "క" అనాలంటే నాలుక వెనకభాగం లేచి అంగిటికి తగలాలి, వదలాలి. ఆ నాలుకకి కదిలే చోటే లేదు. నూకాలు ఆమె కాళ్ళ మీద పడిపోయింది.

"అమ్మ సెలవిచ్చినాది! కొయ్యండి డాక్టరమ్మా!"

అప్పలనర్సమ్మ తనే సంతకం చేసింది. మత్తు డాక్టరు ముక్కు గుండా గొట్టం వేసి ఊపిరికి దారి నిలిపాడు. అది కుదరకపోతే గొంతుకి రంధ్రం పెట్టాల్సి వచ్చేది. నాలుక పక్కన కోసి చీము తీశాను. చివర్లో ఫోర్సెప్స్‌కి గోరుముక్కంత చేపముల్లు తగిలింది. దాన్ని గాజుగుడ్డలో చుట్టి ఉంచాను.

"లోపల ఏటున్నాది?" అని బయట నూకాలు అడిగింది.

"చీము," అన్నాను. అబద్ధం కాదు కదా.

వాపు తగ్గి మాట వచ్చాక, నూకాలు టీకి వెళ్ళినప్పుడు ఆ గుడ్డ విప్పి చూపించాను. అప్పలనర్సమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరుకు కొన్నప్పుడు ఉప్పు సూడ్డానికి ముక్క పంటికింద ఎట్టుకుంటాం డాక్టరమ్మా. అలవాటు. మొక్కులో ఉన్నానని మరిసిపోనాను. కసుక్కుమన్నాది. ఎవులితో సెప్పను? బోట్లెల్లి ఎవులికేటైనా నా వల్లే అంటారు."

"పోనీలే. సమయానికి కొయ్యి అన్నావు, బతికావు."

ఆమె ముఖం పాలిపోయింది. "అందామనే అనుకున్నాను. నాలిక తిరగనేదు. నాను అన్నేదమ్మా." నా చెయ్యి పట్టుకుంది. "మీకూ ఇనబడినాదా?"

వినబడిందని తల ఊపాను.

"అయితే అమ్మకి నామీద కోపం నేదు," అని ముల్లుని కొంగున ముడేసుకుని, ఆస్పత్రికొచ్చాక మొదటిసారి కళ్ళు మూసుకుని హాయిగా పడుకుంది.

ఇప్పుడు నోటి వాపుతో ఎవరొచ్చినా ముందు వెంట వచ్చినవాళ్ళని బయటికి పంపి, తర్వాతే ఏం గుచ్చుకుందని అడుగుతాను. ముల్లు సంగతి మనిషి ఒంటరిగా ఉంటేనే చెబుతుంది. ఆ "కొయ్యి" సంగతి మాత్రం సిస్టరూ నేనూ ఇప్పటివరకూ ఎత్తలేదు.